వైద్యవిద్యార్థుల పాట్లు

వైద్యవిద్య కష్టమైనది. కష్టముగనే యుండవలయును. పరుల ప్రాణమును చేతబట్టవలసినవాడు సుఖముగా చదివి పట్టము పుచ్చుకొన్నయెడల, ఆ సుఖమునకు వెల రోగి చెల్లించును. కావున మా చదువు మోయరాని బరువైనదని వైద్యకళాశాలల విద్యార్థులు మొరపెట్టినపుడెల్ల పెద్దలు చిరునవ్వు నవ్వి యూరకుండుటలో కొంత న్యాయము లేకపోలేదు. అయితే ఇటీవల ఆ మొర తీరు మారినది. చదువు హెచ్చైనదని వారనుట లేదు. చదువవలసిన దానిని చదువుటకు వ్యవధి లేదనియు, చదువనక్కరలేని దానితో రాత్రులు గడచిపోవుచున్నవనియు, అటుపిమ్మట ఆసుపత్రిలో కన్ను మూయకుండ రెండు పగళ్లు నిలువవలసి వచ్చుచున్నదనియు వారనుచున్నారు. ఈ మొర నవ్వి త్రోసివేయదగినది కాదు.

జాతీయ వైద్య కమిషను నియమించిన సంఘమొకటి వైద్యవిద్యార్థుల మానసికారోగ్యమును విచారించి 2024వ సంవత్సరమున తన నివేదికను ప్రకటించెను. ఆ సంఘము వేసిన ప్రశ్నలకు ఎం.బి.బి.ఎస్. చదువుచున్న 25,590 మంది ప్రత్యుత్తరములిచ్చిరి. వారిలో నూటికి 27.8 మంది తమకు ఏదో యొక మానసికవ్యాధి యున్నట్లు తెలిపిరి. ప్రశ్నలకు ఇచ్ఛాపూర్వకముగా బదులిచ్చినవారి లెక్క యిది. బాధపడువారే బదులిచ్చుటకు ముందుకు వత్తురని కొంత తగ్గించి చూచుకొనవచ్చును. ఎంత తగ్గించినను మిగులునది స్వల్పము కాదు. రేపు మన యింటి రోగుల నాడి చూడవలసిన యువకులలో నలుగురికి ఒకరు తామే రోగులమని చెప్పుకొనుచుండగా, దీనిని వారి మనోదౌర్బల్యమని కొట్టివేయుట పత్రికాధర్మము కాదని మా తలంపు.

ఈ కథ వైద్యకళాశాల గుమ్మమున ప్రారంభము కాదు. మన రెండు తెలుగు రాష్ట్రములలోను వైద్యుడు కాగోరు బాలుడు పదునైదవయేటనే ఇల్లు విడిచి ఇంటర్మీడియట్ రెసిడెన్షియల్ కళాశాలలో చేరుచున్నాడు. అచ్చట తెల్లవారకముందే గంట మ్రోగును. రాత్రి స్టడీ అవరు ముగియునప్పటికి ఊరు నిద్రించుచుండును. ఆటస్థలము కరపత్రములోని బొమ్మయందు మాత్రమే కనబడును. నీట్ పరీక్షలో తగిన ర్యాంకు రానిచో లాంగ్ టర్మ్ అను పేర మరియొక యేడు, అప్పటికిని రాకున్న ఇంకొక యేడు. విశాఖపట్టణమున నీట్ శిక్షణ పొందుచుండిన ఒక బాలిక 2023వ సంవత్సరమున మరణింపగా, ఆమె తండ్రి తెచ్చిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు 2025 జూలైలో విద్యార్థుల మానసికారోగ్యమును గూర్చి దేశమంతటికిని వర్తించు నియమములను విధింపవలసి వచ్చెను. ఇట్టి మార్గమున వచ్చిన విద్యార్థి వైద్యకళాశాలలో అడుగిడునప్పటికే అలసియుండును. అంతకంటె చెరుపు మరియొకటి కలదు. ఒకరు గంట కొట్టిన లేచుట, ఒకరు గీత గీసిన వాక్యమును వల్లించుట తప్ప తనంతట తాను చదువుకొను అలవాటు అతనికి లేదు. వైద్యశాస్త్రమో, మిగిలిన నలువదియేండ్లును తనంతట తాను చదువుకొనువానికి మాత్రమే స్వాధీనమగునది.

మొదటి సంవత్సరపు సంగతి చూతము. శరీరనిర్మాణ శాస్త్రము, శరీరధర్మ శాస్త్రము, జీవరసాయనము అను మూడింటిని పూర్వము పదునెనిమిది మాసములు చదివెడివారు. 1997 నాటి నిబంధనలు దానిని పండ్రెండు మాసములకు కుదించెను. పుస్తకములు మాత్రము కుదించుకొనిపోలేదు. ఆ పండ్రెండు మాసములలో పరీక్షలును, వాని సన్నాహమును పోగా శవచ్ఛేదమునకు దక్కు దినములెన్నియో లెక్కించి చూచిన ఎవరికైనను విచారము కలుగును. చేతి నరముల దారిని స్వయముగా విప్పి చూచుకొనుటకు వలయు ఓపిక తొందరలో పుట్టదు. పదిమంది ఒక బల్లచుట్టు నిలిచి, ఒకడు కోయుచుండ తొమ్మండుగురు తొంగిచూచి, సాయంకాలము హాస్టలుగదిలో వీడియో చూచి ఆ లోపమును పూరించుకొనుచున్నారు. వీడియోను మేము నిందింపము. మంచి యుపాధ్యాయుడు లేనిచోట అదియే యుపాధ్యాయుడు. కాని కన్ను చూచినది వేరు, వ్రేలు తడవినది వేరు.

తెలుగు మాధ్యమమున పదవతరగతి ముగించి వచ్చిన పల్లె విద్యార్థికి ఈ యేడు రెండింతల బరువు. అతడు మొదట ఇంగ్లీషు వాక్యమును అర్థము చేసికొనవలయును; తరువాత అందలి లాటిను మాటను; ఆ తరువాత గాని విషయమును చేరడు. తోటివాడు గంటలో ముగించినది అతనికి మూడు గంటలు పట్టును. ఈ మూడు గంటలను ఎవరును లెక్కలో వేయుట లేదు. మాతృభాషలో వైద్యవిద్య అసాధ్యమనువారు హైదరాబాదు చరిత్రను మరచుచున్నారు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున నైజాముల కాలమందు వైద్యశాస్త్రమును ఉర్దూలో బోధించిరి. మధ్యప్రదేశ ప్రభుత్వము 2022 అక్టోబరులో మొదటి సంవత్సరపు పాఠ్యపుస్తకములను హిందీలో వెలువరించెను. ఆంధ్రభాషాభిమానులకు రుచింపకపోయినను ఒక మాట చెప్పవలసియున్నది. పరీక్షలను నేడే తెలుగులోనికి మార్చుమని మేము కోరము. గ్రంథములు లేక, పరీక్షకులు లేక, పైచదువునకు దారి లేక ఆ విద్యార్థులే నష్టపడుదురు. కాని మొదటి సంవత్సరమున తెలుగులో వివరించి చెప్పు తరగతి వారమునకు కొన్ని గంటలైన ఏర్పరచుట ఏ ప్రభుత్వమునకును అలవికానిది కాదు.

మరియు తెలుగు అవసరము ఆ పల్లె విద్యార్థికంటె పట్టణ విద్యార్థికే యెక్కువ. ఇంగ్లీషు పాఠశాలలలో పెరిగిన యువకుడు వార్డులోనికి పోయి రోగిని నొప్పి యెట్లున్నదని అడుగును. సలుపు, పోటు, తీపు, మంట, గుంజుడు — మన పల్లె ముసలమ్మ వీనిలో ఏది చెప్పినను ఒక్కొక్కదానికి ఒక్కొక్క అర్థమున్నది. సలుపు చీముపట్టిన పుండును తలపించును. మంట జీర్ణాశయమునో నరమునో చూపవచ్చును. గుండెను పట్టిపిండినట్లున్నదను మాట విని నిలువున లేవవలసినది. వీనినన్నిటిని "పెయిన్" అను ఒక్క మాటగా మార్చి వ్రాసికొన్న విద్యార్థి, రోగి చేతికిచ్చిన రోగనిర్ణయమును నేలపాలు చేసినవాడు. 2019లో వచ్చిన క్రొత్త పాఠ్యక్రమమున ప్రారంభదశలో స్థానికభాష నేర్పవలయునని వ్రాసినారు. వ్రాసినది మంచిదే. అది సెలవు దినములవలె గడచిపోక నిజముగా నేర్పబడవలయును.

రెండవ సంవత్సరమునుండి విద్యార్థి వార్డులలో తిరుగవలెను. వైద్యవిద్యకు గర్భగుడి అదియే. విశాఖపట్టణపు కింగ్ జార్జి ఆసుపత్రికి శ్రీకాకుళమునుండియు, మన్యమునుండియు. ఉస్మానియా, గాంధీ ఆసుపత్రులకు తెలంగాణ నలుమూలలనుండియు వచ్చు రోగసముదాయము మరి యే దేశపు విద్యార్థికిని సులభముగా లభింపదు. అట్టి సంపద నడుమ నిలిచి మన విద్యార్థి ఏమి చేయుచున్నాడు? హాజరుపుస్తకమున పేరు చెప్పి, లాగ్‌బుక్కున సంతకము చేయించుకొని, గ్రంథాలయమునకు పోవుచున్నాడు. అచ్చట పుస్తకము చదువుట లేదు. ప్రశ్నలకు జవాబులు గురుతు పెట్టుచున్నాడు. హౌస్ సర్జనుగా నుండవలసిన చివరి యేట ఈ పలాయనము మరింత హెచ్చు. ఏలయనగా నీట్ పీ.జీ. పరీక్ష మూడున్నర గంటలలో 200 ప్రశ్నలడుగును. ప్రశ్న యొక్కంటికి ఒక నిముషమును మూడు సెకనులు. రోగి ప్రక్క కూర్చుండి అరగంటసేపు వినుట నేర్చినవానికి ఆ పరీక్ష ఒక్క మార్కైన నొసగదు. రెండు లక్షలకుపైగా పోటీపడు ఆ పరీక్షలో కొన్ని మార్కుల తేడా అతని జీవితమార్గమును మార్చివేయును. ఇట్టిచో వార్డు విడిచి గ్రంథాలయము చేరినవాడు సోమరియా, బుద్ధిమంతుడా? మేమైనను ఆ వయస్సున అదియే చేసియుందుము.

ఆ మార్కులకైనను స్థిరమైన విలువ యున్నదా యనిన, అదియు లేదు. 2023 సెప్టెంబరులో పీ.జీ. సీట్లు మిగిలిపోవుచున్నవని అర్హత పర్సంటైలును సున్నకు దింపిరి. అనగా పరీక్షకు కూర్చున్నవారెల్లరును అర్హులే. యోగ్యతను కొలుచుటకు పెట్టిన పరీక్ష యైనచో ఇట్లు దింపుట కూడదు. సీట్లు పంచుటకు పెట్టిన చీటీయైనచో దానికై ఒక తరమువారి వార్డుశిక్షణను బలియిచ్చుట కూడదు. 2019 నాటి జాతీయ వైద్య కమిషను చట్టము ఎం.బి.బి.ఎస్. చివరిపరీక్షయు, పీ.జీ. ప్రవేశపరీక్షయు ఒక్కటిగా నుండు నెక్స్ట్ అను పరీక్షను మూడేండ్లలో తెత్తుమని చెప్పెను. ఆ గడువు దాటిపోయినది; పరీక్ష రాలేదు. వచ్చినను, అదియు నాలుగు జవాబులలో ఒకటి యెంచు పరీక్షయే యైనచో పేరు మాత్రమే మారును.

పరీక్షకు లొంగని యోగ్యతను గూర్చి తెలుగువారికి పాఠము చెప్పనక్కరలేదు. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసు వైద్యకళాశాలలో గాంధీమహాత్ముని పిలుపు విని ఖద్దరు ధరించి శస్త్రచికిత్సాశాలకు పోయిరి. దొరగారికి కోపము వచ్చెను. లిఖితపరీక్షలలో చక్కగా వ్రాసినను సుబ్బారావుగారికి ఎం.బి.బి.ఎస్. ఈయక, అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టము నిచ్చిరి. ఆయన అమెరికాకు పోయి 1925లో ఫిస్కుతో కలిసి కనిపెట్టిన భాస్వరపు పరీక్షను ప్రపంచమందలి జీవరసాయన విద్యార్థులు ఆయన పేరుతోనే చదువుకొనిరి.

వార్డు లేకున్నను గ్రంథాలయముతో సరిపెట్టుకొనవలసినవారు ఇంకొందరు కలరు. దేశమున ఎం.బి.బి.ఎస్. సీట్లు 2014లో సుమారు 51 వేలుండగా, 2024 నాటికి లక్ష దాటినవి. ఆంధ్రప్రదేశమున 2023లో విజయనగరము, రాజమహేంద్రవరము, ఏలూరు, మచిలీపట్టణము, నంద్యాలలందు ఒక్కనాడే అయిదు ప్రభుత్వకళాశాలలు ప్రారంభమైనవి. తెలంగాణము జిల్లాకొక కళాశాల యనుచు ముందుకు సాగినది. జిల్లాకు వైద్యకళాశాల వచ్చుట మాకు సంతోషమే. ఇదివరకు మదరాసుకో హైదరాబాదుకో రోగిని మోసికొనిపోయినవారి సంతతి మనము. కాని భవనము ఒక యేట లేచును. ఆచార్యుడు పదునైదేండ్లకుగాని తయారుకాడు. పడకలు నిండని ఆసుపత్రిలో, ఆచార్యులు చాలని శాఖలో విద్యార్థి ఎంత శ్రద్ధాళువైనను ఫోనుతెరనే ఆశ్రయించును. అతని అలవాట్లను దిద్దుటకు ముందు అతనికి గురువును చూపవలయును.

అయినను విద్యార్థులదే తప్పు కొంత కలదు. దానిని చెప్పక విడచుట వారికి మేలు చేయుట కాదు. పరీక్షలకు ముందు పది దినములు నిద్ర మాని, కాఫీ త్రాగి, మూడేండ్లనాటి సీనియరు నోట్సును పసుపుపచ్చని సిరాతో నింపి, దానినే మరల మరల చదువుట మన హాస్టళ్లలో కులాచారమువలె సాగుచున్నది. రాత్రియంతయు దీపమారని గది గొప్పగా చెప్పుకొనబడును. మనస్సు ఈ విధముగా పనిచేయదని కనుగొని నూరేండ్లు దాటినది. జర్మనీ దేశపు ఎబ్బింగ్‌హౌసు 1885లోనే తన జ్ఞాపకముపై తానే పరీక్షలు జరిపి, నేర్చినదానిలో పెద్దభాగము మొదటి దినములలోనే జారిపోవుననియు, విడివిడి దినములలో మరల తలచుకొన్నది నిలుచుననియు చూపెను. 2006లో అమెరికాలో జరిగిన పరిశోధనలో, ఒకే పాఠమును మరల చదివినవారికిని, పుస్తకము మూసి గుర్తునకు తెచ్చుకొన్నవారికిని పరీక్ష పెట్టిరి. అయిదు నిముషముల తరువాత పెట్టిన పరీక్షలో మరల చదివినవారు మెరుగు. వారము తరువాత పెట్టినదానిలో పుస్తకము మూసినవారే మెరుగు. మన హాస్టళ్ల చదువు అయిదు నిముషముల పరీక్షకు సరిపడునది. వేదపాఠశాలలో అప్పజెప్పించుకొను పద్ధతిని మోటదనమని నవ్వినవారము, దానిలోని యుక్తిని పరాయిదేశమునుండి మరల దిగుమతి చేసికొనుచున్నాము.

న్యాయమునకు మరియొక మాట చేర్చవలయును. ప్రశ్నలకు జవాబులు గురుతించు అభ్యాసము సైతము పుస్తకము మూసి తలచుకొనుటయే గదా; జ్ఞాపకమునకు అది మేలే చేయును. లోపము అభ్యాసమున లేదు, అడుగబడుదానిలో నున్నది. వేయిమందిలో ఒకనికి వచ్చు వ్యాధికి పెట్టిన పరదేశి పేరును పట్టుగా గుర్తుంచుకొనినవాడు, వాంతులతో విరేచనములతో ఎండిపోయిన బిడ్డకు గంటకెంత ద్రవమీయవలయునో తడుముకొనునట్లు చేయు చదువు చెడుచదువు.

ఇక నిద్ర సంగతి. నిద్రయందు పగటి చదువు మనస్సున పదిలపడునని శరీరధర్మ శాస్త్రమే చెప్పుచున్నది. ఆ పాఠమును నిద్ర మాని చదువువారు మన విద్యార్థులు. అయితే హాస్టలులో నిద్ర మానుట వారి యిష్టము. ఆసుపత్రిలో నిద్ర మానుట వారి యిష్టము కాదు. హౌస్ సర్జనులును, పీ.జీ. విద్యార్థులును 24 గంటలు, 36 గంటలు ఏకబిగిని పనిచేయుట పెద్దాసుపత్రులలో సర్వసాధారణము. ఆ గంటలలో వైద్యము నేర్చుకొను గంటలెన్ని? స్ట్రెచరు త్రోయువాడు రాకున్న హౌస్ సర్జను త్రోయవలెను. రక్తపు నమూనాలను ల్యాబునకు మోయవలెను. బ్లడ్ బ్యాంకునకు పరుగిడవలెను. పథకముల కాగితములు నింపి, ఫోటోలు తీసి, కంప్యూటరునకెక్కింపవలెను. ఈ పనులలో ఏదియు నీచమని మేమనము. రోగికై చేయు ఏ పనియు నీచము కాదు. కాని వార్డుబాయిని నియమింపక మిగుల్చుకొన్న జీతమును ప్రభుత్వము పొదుపుగా లెక్కించుచు, ఆ లోటును చదువుకొను యువకుని నిద్రతో పూడ్చుట పొదుపు కాదు, అపహరణము.

దీనికి చట్టము లేదా? కలదు. కేంద్రప్రభుత్వము 1992 జూనులో ప్రకటించిన రెసిడెన్సీ పథకమున రెసిడెంటు డాక్టరునకు సాధారణముగా దినమునకు 12 గంటలకును, వారమునకు 48 గంటలకును మించి పని యుండరాదని స్పష్టముగా వ్రాసిరి. ముప్పదియేండ్లు దాటినను ఆ కాగితము కాగితముగనే యున్నది. 2023 నాటి పీ.జీ. నిబంధనలలో అంకెలనే తీసివేసి, "సమంజసమైన" పనిగంటలనియు, "సమంజసమైన" విశ్రాంతియనియు వ్రాసిరి. ఏది సమంజసమో శాఖాధిపతి నిర్ణయించును. మేము మొదట పేర్కొన్న 2024 నాటి నివేదిక, విద్యార్థుల దుఃఖమునంతయు వర్ణించి, తుదకు వారమునకు 74 గంటలు మించకుండుట మంచిదని సలహా యిచ్చెను. 1992లో 48, 2024లో 74. అన్ని దేశములలోను కాలముతోబాటు పనిగంటలు తగ్గుచుండగా, మన వైద్యవిద్యలో సంస్కర్తలే హెచ్చించుచున్నారు. ఆచరణలో నూరు దాటుచున్నపుడు 74 అనుట దయయే కావచ్చును గాని, ఉన్న నియమమును మరచి చూపిన దయకు విలువ తక్కువ.

2024 ఆగస్టు 9వ తేదీన కలకత్తా నగరమందలి ఒక ప్రభుత్వాసుపత్రిలో జరిగిన ఘోరము దేశము మరువలేదు. దీర్ఘమైన డ్యూటీ నడుమ విశ్రాంతికై సెమినారుహాలులో ఒరిగిన యువవైద్యురాలు అత్యాచారమునకు గురియై హత్య చేయబడెను. ఆనాడు దేశమంతటను ఆందోళనలు చెలరేగినవి. రక్షకభటులను గూర్చియు, కెమెరాలను గూర్చియు ఎన్నో మాటలు వినబడినవి. యువవైద్యులు 36 గంటలు పనిచేయుట అమానుషమని సుప్రీంకోర్టు సైతము వ్యాఖ్యానించెను. కాని రాత్రియంతయు పనిచేయు ఆడపిల్లకు తలుపు గడియ వేసికొని పండుకొనుటకు ఒక గది యుండవలయునను ముచ్చట మాత్రము త్వరలోనే చల్లారిపోయినది.

మేము కూడ ఇట్లే పనిచేసి పైకి వచ్చితిమని పెద్దవైద్యులు చెప్పుదురు. నిజమే. వారి కష్టమునకు మేము నమస్కరించుచున్నాము. అయితే ఈ సంప్రదాయము ఎక్కడ పుట్టినదో వారికి తెలియనిది కాదు. 1889లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి తెరువబడినపుడు హాల్‌స్టెడ్ అను మహాశస్త్రవైద్యుడు శిష్యులను ఆసుపత్రిలోనే నివసింపజేసి రేయింబగళ్లు పనిచేయించెను. రెసిడెంటు అను పేరు ఆ నివాసమువలన స్థిరపడినది. ఆయన ప్రతిభావంతుడనుటలో సందేహము లేదు. కొకెయినును మత్తుమందుగా తనపైనే పరీక్షించుకొని దానికి బానిసయై, పిదప మార్ఫినుకు లోబడినవాడనుటలోను సందేహము లేదు. అట్టివాని దినచర్య ఆరోగ్యవంతులకు ప్రమాణమగుట వింత.

అమెరికావారే దానిని మార్చుకొనిరి. 1984లో న్యూయార్కు నగరమున పదునెనిమిదేండ్ల యువతి యొకతె, అలసిన యువవైద్యుల చేతులలో, ఆసుపత్రి చేరిన కొన్ని గంటలకే మరణించెను. ఆమె తండ్రి పత్రికారచయిత. ఆయన విడువక పోరాడగా 1989లో ఆ రాష్ట్రమున వారమునకు 80 గంటల పరిమితి వచ్చెను. 2003లో దేశమంతటికిని వ్యాపించెను. బోస్టను పట్టణమున జరిపి 2004లో ప్రకటించిన పరిశోధనలో, పాతపద్ధతిని దీర్ఘమైన డ్యూటీలు చేసిన యింటర్నులు, గంటలు తగ్గించినవారికంటె నూటికి 36 వంతులు హెచ్చుగా ప్రమాదకరమైన పొరపాట్లు చేసిరి. దీనికి ప్రతిపక్షమును దాచము. 2016లో వెలువడిన మరియొక పెద్దపరిశోధనలో, శస్త్రచికిత్సాశాఖలలో డ్యూటీ నిడివిని సడలించినను రోగుల మరణములు హెచ్చలేదని తేలినది. ఒకే వైద్యుడు రాత్రియంతయు రోగిని కనిపెట్టియుండుటలో లాభమున్నదను పెద్దలమాటకు ఇది బలము. కాని ఆ సడలింపు వారమునకు 80 గంటల గోడలోపల జరిగినది. మనకు గోడయే లేదు.

ఇంకను నమ్మనివారికి ఒక లెక్క. ఇరువదినాలుగు గంటలు మేలుకొన్నవాని చేతి నేర్పు, రక్తమున నూటికి 0.10 వంతు మద్యమున్నవాని నేర్పుతో సమానమని 1997లో ప్రకటించిన పరిశోధన తెలిపెను. మన మోటారు వాహనముల చట్టము 0.03 దాటినవానిని బండి నడపనీయదు. రాత్రి నడివీధిలో నిలిపి గొట్టమున ఊదించును. అంతకు మూడింతల మత్తుతో సమానమైన స్థితిలో నున్నవాని చేతికి ఆ ప్రభుత్వమే సూదియు, కత్తియు అందించి, ఐ.సి.యు.లోనికి పంపుచున్నది. అచ్చట పండుకొన్నవాడు పేదవాడు. అతడు ఎవరి మూతివద్దను గొట్టము పెట్టి అడుగలేడు.

వైద్యవిద్యను తేలిక చేయుమని మేము కోరుట లేదు. పాఠములలో కోత పెట్టుమనియు, ఉత్తీర్ణతకు మార్కులు తగ్గించుమనియు కోరువారితో మాకు పొత్తు లేదు. పరీక్షలో రోగి పడకకు చోటుండవలయునని కోరుచున్నాము: హౌస్ సర్జన్సీ చివర, తన కళాశాలవారు కాని పరీక్షకులయెదుట, తాను ముందెన్నడును చూడని రోగిని తెలుగులో ప్రశ్నించి, తాకి, నిర్ణయము చెప్పినదానికి పీ.జీ. ప్రవేశమున కొంత భాగము మార్కులు కేటాయింపవలయును. పక్షపాతము వచ్చునందురు. రావచ్చును. ఖద్దరు తొడిగినందుకు పట్టము తగ్గించిన దేశమున ఆ భయము సహజమే. ఒక రోగిని ఇద్దరు పరీక్షకులు విడివిడిగా చూచి, ప్రత్యేకముగా మార్కులు వేసి, తేడా హెచ్చైనచో మూడవవారిని పిలుచుట కష్టమైన పని. రెండు లక్షలమందికి ఏర్పాటు చేయుట ఇంకను కష్టము. కష్టమైనదని విడచినందుననే నేటి స్థితి వచ్చినది.

డ్యూటీ గంటల విషయమున కష్టము కూడ లేదు. క్రొత్త చట్టము అక్కరలేదు. ఆంధ్రప్రదేశ, తెలంగాణ ప్రభుత్వములు తమ బోధనాసుపత్రులన్నిటిలోను హౌస్ సర్జనుల, పీ.జీ. విద్యార్థుల డ్యూటీపట్టికలను ప్రతి నెలయు ప్రకటింపవలయును: ఎవరు ఎన్ని గంటలకు వచ్చిరి, ఎన్ని గంటలకు పోయిరి, ఆ వారమున సెలవుదినము దొరకినదా లేదా. కార్యాలయపు గుమాస్తా వ్రాసినది కాక, ఆ విద్యార్థులే సంతకము చేసినదిగా నుండవలయును. ప్రతి వార్డు చెంత స్త్రీలకు ప్రత్యేకముగా గడియగల గదియు, మంచమును ఉన్నవో లేవో అదే పట్టికలో వ్రాయవలయును. ఉభయ శాసనసభల రాబోవు సమావేశములలో సభ్యులు ఆరోగ్యమంత్రులను ఈ పట్టికలకై అడుగుదురని ఎదురుచూచుచున్నాము. 1992 నాటి 48 గంటల ప్రక్కన నేటి అంకె ఎంతయో ముందుగా కనబడనిండు.